రొకుతా ఈల ఎవరిది

టోక్యోలో సుజునారి బజారు వీధిలో కురమోచి లాండ్రీకి చొక్కా వేసినవాళ్ళకు రెండు విషయాలు ఖాయం. ఒకటి, మర్నాటికల్లా చొక్కా కాలరు కత్తిలా తయారై వస్తుంది. రెండు, ఆ చొక్కాతోపాటు ఈల కథ కూడా వినాలి. కథ వద్దు బాబూ, చొక్కా చాలు అన్నా కుదరదు. దుకాణం యజమాని తొకుజి చొక్కా మడతపెట్టి సంచిలో వేసేసరికి కథ సగానికి వస్తుంది. మిగతా సగం పూర్తయ్యేదాకా సంచి చేతికివ్వడు.

వీధిలో అందరికీ నోటికొచ్చేసిన కథే. ఒకప్పుడు ఆదివారం సాయంత్రాలు 'లైట్‌హౌస్ రొకుతా' అని టీవీలో ఒక అనిమే బొమ్మల సీరియల్ వచ్చేది. ప్రతి భాగం చివరా రొకుతా అనే ఆ పిల్లాడు లైట్‌హౌస్ మెట్లన్నీ ఎక్కి, దీపం వెలిగించి, సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాని తండ్రి కోసం చూస్తాడు. అప్పుడు వాద్యాలన్నీ ఆగిపోయి ఒక్క ఈల వినిపిస్తుంది. ఆ ఈలలో మొదటి స్వరం కొంచెం వణుకుతుంది, పిల్లాడు ఏడుపు ఆపుకుంటున్నట్టు. ఆ వణుకు చెవిన పడితే చాలు, వంటింట్లో ఉన్న తల్లులు గరిటె చేత్తో పట్టుకునే టీవీ ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. ఆ ఈల వేసింది తనేనని తొకుజి చెబుతాడు.

"ఒక్క టేకులో ఓకే. మళ్ళీ వెయ్యమని అడిగినవాడు లేడు," అని కథ ముగిస్తాడు. ఆ మాట దగ్గర మాత్రం అతని చూపు ఎందుకో ఇస్త్రీ పెట్టె మీదికి పోతుంది.

అక్కడ చేపల కొట్టు ఉబుకాత ఉంటే తప్పకుండా అందుకుంటాడు. "అయితే ఏదీ, ఒకసారి వేసి వినిపించు."

వెయ్యలేడని ఉబుకాతకు తెలుసు, అందుకే అడుగుతాడు. తొకుజికి పై వరస మొత్తం కట్టుడు పళ్ళు. పెదాలు సున్నా చుడితే గాలి తుస్సుమంటుంది. ఒకసారి పంతానికి పోయి గట్టిగా ఊదితే పళ్ళసెట్టు ఊడి ఎవరిదో పట్టు లాగు మీద పడింది. పళ్ళున్న రోజుల్లో మాత్రం దుకాణంలో ఆవిరి మధ్య ఈల వేసుకుంటూనే పనిచేసేవాడు. దానికి ఒక తంతు ఉండేది. ముందు కళ్ళు మూసుకుంటాడు. నడిమధ్యన ఉమెబోషి అనే ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్దను మనసులోకి తెచ్చుకుంటాడు. ఆ ఉప్పూ పులుపూ తలచుకోగానే నోట్లో నీళ్ళూరి పెదాలు తడుస్తాయి. తడవగానే, పళ్ళెం ముందు కూర్చున్నట్టే "ఇతదాకిమాస్" అంటాడు. ఆ తర్వాతే ఈల. ఇతదాకిమాస్ అని ఏ ఇంట్లోనైనా భోజనానికి ముందు అంటారు. ఈలకు ముందు అనేవాడు జపాను మొత్తానికీ తొకుజి ఒక్కడే అయ్యుంటాడు. ఎంత మానుకోవాలనుకున్నా, పెదాలు తడిస్తే ఆ మాట దానంతటదే వచ్చేసేది. "వీడు ఈలను కూడా నమిలి మింగేస్తాడు," అని ఉబుకాత వీధంతా చాటాడు.

తొకుజి పుట్టుకతో కురమోచి ఇంటివాడు కాడు, ఇల్లరికం వచ్చినవాడు. పుట్టింది నీగాత వైపు ఒక చేపల రేవులో. పడవెక్కితే కక్కుకునే కొడుకును తండ్రి ఏం చేసుకుంటాడు? వదిలేశాడు. స్కూలు బ్యాండులో నేర్చుకున్న ట్రంపెట్ ఒకటి చంకన పెట్టుకుని తొకుజి టోక్యో రైలెక్కాడు. క్యాబరేల్లో, పెళ్ళి హాళ్ళలో, కొత్త దుకాణాలు తెరిచిన చోటల్లా వాయించాడు. ఉన్నమాట చెప్పుకోవాలంటే గొప్ప వాద్యగాడేమీ కాదు. రావలసినవాడు రాకపోతే, వాడి బదులు రావలసినవాడు కూడా రాకపోతే, అప్పుడు గుర్తొచ్చే మనిషి.

రికార్డింగులకు కూడా అలాగే వెళ్ళాడు. ఫోను చేసినవాళ్ళు ఎక్కడికి రావాలో చెప్పేవాళ్ళు, దేనికో చెప్పేవాళ్ళు కాదు. వెళ్ళేసరికి స్టాండు మీద స్వరాల కాగితాలు దొంతరగా ఉండేవి. వాటి మీద పాట పేరుండదు, సీరియల్ పేరుండదు. ఎం-నాలుగు, ఎం-ఇరవై అని అంకెలుంటాయి, అంతే. ముందు సంగీతం, తర్వాత బొమ్మలు. ఏడుపుకు కొన్ని, పరుగుకు కొన్ని, వానకు కొన్ని అని ముక్కలు ముక్కలుగా ముందే వాయించి పెట్టేస్తే, ఏ బొమ్మకు ఏ ముక్కో తర్వాత ఇంకెవరో కూర్చుని అతికించుకునేవాళ్ళు. పొద్దుగూకేసరికి వాద్యగాళ్ళ పెదాలు వాచిపోయేవి. తాము వాయించింది దెయ్యాల సినిమాకో సబ్బు ప్రకటనకో తెలియకుండానే ఇంటిదారి పట్టేవాళ్ళు.

అలాంటి ఒక రోజున ఫ్లూటు మనిషి రాలేదు. సంగీత దర్శకుడు చిరాకుగా అద్దాల గదిలోంచి బయటికొచ్చి, "ఈల వెయ్యడం వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. తొకుజి చెయ్యెత్తాడు.

తన ఈల ఏమైందో అతనికి చాన్నాళ్ళు తెలియలేదు. తెలిసింది కురమోచి లాండ్రీలోనే. క్యాబరే కోటు ఉతకడానికి వేయడం, తీసుకోవడం, తీసుకున్నదాన్ని మరక ఉందని మళ్ళీ తెచ్చి వేయడం. ఆ మరకలన్నీ కౌంటరు దగ్గర కూర్చునే ఫుసాయె కోసమేనని ఫుసాయెకు తెలుసు, ఆమె తండ్రికీ తెలుసు. కురమోచి ముసలాయనకు ముక్కు మీద కోపం. "బూరలు ఊదుకునేవాడికి పిల్లనిచ్చేకంటే ఈ ఇస్త్రీ పెట్టెకిచ్చి చేస్తాను," అని తొకుజికి వినపడేలాగే అనేవాడు. అలాంటి ముసలాయన ఆదివారం సాయంత్రం మాత్రం పని ఆపి, టీవీలో లైట్‌హౌస్ రొకుతా చూసేవాడు. ఆయన తమ్ముడు యుద్ధంలో ఓడతోపాటు పోయాడు. ఈల వచ్చే చోట ముసలాయన మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

ఒక ఆదివారం తొకుజి కోటు కోసం వచ్చి నిలబడి ఉండగా ఆ ఈల వచ్చింది. ఆ రాగం ఎక్కడ విన్నాడో వెంటనే తట్టింది. "ఇది నా ఈల," అనేశాడు, నోరు జారినట్టు.

ముసలాయన తిరిగి చూశాడు. "ఏదీ, వెయ్యి."

తొకుజి కళ్ళు మూసుకున్నాడు, ఇతదాకిమాస్ అన్నాడు, వేశాడు. ముసలాయన టీవీ కట్టేసి, "వచ్చే ఆదివారం భోజనానికి రా," అన్నాడు. వసంతం వచ్చేసరికి పెళ్ళయింది. తొకుజి తన ఇంటిపేరు వదులుకున్నాడు, ట్రంపెట్ అటక మీద పెట్టాడు, ఇస్త్రీ నేర్చుకున్నాడు. ముసలాయన చివరిదాకా అల్లుణ్ణి ఎవరికి పరిచయం చేసినా "రొకుతా ఈల మావాడిదే," అనే చెప్పాడు. అంటే ఆ ఈల మీదే ఆ పెళ్ళి నిలబడింది, ఆ ఇల్లు నిలబడింది.

ఇదంతా బాగానే ఉంది. ముసలాయన పోయిన కొన్నేళ్ళకు, కోడి ముక్కలు కాల్చి అమ్మే ఒక కొట్లో తొకుజికి పాతకాలం వాద్యగాడు ఒకతను తగిలాడు. మాటల్లో ఈల సంగతి వచ్చింది.

"రొకుతా ఈలా? అది మొదట ఎవడో బదులుకొచ్చినవాడు వేశాడయ్యా. దర్శకుడికి నచ్చలేదు. తర్వాత ఇంకో స్టూడియోలో ఈల వేసే పెద్దమనిషిని ఎవర్నో పిలిపించి మళ్ళీ చేయించారని విన్నాను," అన్నాడతను, ముక్క నములుతూ.

తొకుజికి గుండెల్లో రాయి పడింది. ఆ రోజు దర్శకుడు తనను ఎలాంటి మొహంతో పంపాడో అతనికి బాగా గుర్తుంది. ఒక్క టేకులో ఓకే అన్నది దుకాణంలో చెప్పే మాట. దేశమంతా విన్న ఆ ఈల తన తర్వాత వచ్చినవాడిది అయ్యుంటే? రాగం అదే గనక తనదనుకున్నాడేమో. ఈ అనుమానం అతను ఎవరికీ చెప్పలేదు. అది పుట్టినప్పటి నుంచి కథను మునుపటికంటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.

సీరియల్‌కు నలభై ఏళ్ళు నిండాయని దాని సంగీతమంతా కలిపి సీడీల సంపుటి వేస్తున్నారన్న కబురు ఉబుకాతే తెచ్చాడు. రబ్బరు బూట్లతోనే లాండ్రీలోకి వచ్చేశాడు.

"ఒరే తొకుజీ... కాదు, ఇవాళ్టి నుంచి తొకుజి గారూ అనాలేమో నిన్ను. చూశావా ఇది? అయిదు సీడీలంట. ఎక్కడో గోదాములో పాత టేపులు దొరికాయంట. అన్నిటికంటే అసలు సంగతి, వాయించినవాళ్ళ పేర్లు మొదటిసారి పుస్తకంలో అచ్చేస్తున్నారంట."

"మంచిదేగా," అన్నాడు తొకుజి, ఇస్త్రీ పెట్టె మీంచి చూపు తిప్పకుండా.

"మంచిదేగా అంటాడేంటి వీడు! ఆ రోజు బుధవారం, వీధికి సెలవు. మన వీధి వర్తకుల సంఘం గదిలో అందరం కూర్చుని విందాం. బ్యానరు కూడా రాయించేశా, 'రొకుతా ఈల పుట్టిన వీధి' అని. వీధిలో సగం షట్టర్లు మూసే ఉంటున్నాయి, నాలుగు మొహాలన్నా ఇటు తిరుగుతాయి."

"అంత హడావుడి ఎందుకు. నాకు జలుబు చేసేలా ఉంది."

"జలుబు చెయ్యడానికి ఇంకా పది రోజుల టైముంది. నిదానంగా చేసుకో," అని ఉబుకాత వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి తొకుజి ఈల కథ ఎత్తలేదు. చొక్కా సంచిలో వేసి మౌనంగా ఇచ్చేస్తుంటే జనం భయపడి, ఒంట్లో బాలేదా అని ఫుసాయెను అడగడం మొదలుపెట్టారు. ఇటు చూస్తే బ్యానరు, అటు చూస్తే మామగారి ఫొటో. అన్నం తింటున్నా ఆ ఫొటో తననే చూస్తున్నట్టుండేది. సీడీ వచ్చే ముందు రోజు, ఎన్నడూ లేనిది, ఇస్త్రీ పెట్టె ఒక తెల్ల చొక్కా మీద పెట్టి మరిచిపోయాడు. టీపొడి కొట్టు హనవ గారి భర్త చొక్కా అది. వీపు మీద గోధుమరంగు మచ్చ అచ్చు పడింది.

"నీకొక మాట చెప్పాలి," అన్నాడు ఫుసాయెతో.

"చొక్కా కాల్చిన సంగతైతే చెప్పక్కర్లేదు. ముక్కుంది నాకు."

"అది కాదు." తొకుజి పాత వాద్యగాడు అన్న మాట మొత్తం చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ చొక్కా మీద మచ్చను అరచేత్తో రుద్దుతూనే ఉన్నాడు. "రేపు పుస్తకంలో ఇంకొకడి పేరుంటే, నేను మీ నాన్నని మోసం చేసి ఈ ఇంట్లోకి వచ్చినట్టే కదా. నిన్ను కూడా."

ఫుసాయె చేతిలో పని ఆపింది. "ఈ మాట నాన్న బతికుండగా ఎందుకు చెప్పలేదండీ?"

"అప్పటికి నాకూ తెలీదు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని తొకుజికి అనిపించింది. ఆ మచ్చ చొక్కా తీసి పక్కన పెట్టి, "రేపు నీలం టై కట్టుకోండి. అందరూ ఫొటోలు తీస్తారు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇద్దరూ సరిగ్గా తినలేదు.

బుధవారం మధ్యాహ్నం సంఘం గది నిండిపోయింది. కూరగాయల కొట్టు పైన చాపలు పరిచిన గది అది. టీ, బియ్యప్పిండి బిస్కెట్లు, ఉబుకాత స్వయంగా కోసి తెచ్చిన పచ్చి చేపల పళ్ళెం, గోడకు బ్యానరు. సీడీల పెట్టె విప్పే పని హనవ గారికి అప్పగించారు, ఎందుకంటే ఆ వీధిలో రొకుతా అంటే ప్రాణం పెట్టే మనిషి ఆమె. చిన్నప్పుడు ఆదివారం ఒక భాగం తప్పిపోయిందని సోమవారం బడికి వెళ్ళకుండా ఏడ్చిన పిల్ల. ఇప్పుడు మనవలున్నారు, అయినా ఆ పెట్టె మీది రొకుతా బొమ్మను చూడగానే దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరారు.

"ముందు పేర్లు చదవండి, పేర్లు," అన్నాడు ఉబుకాత.

హనవ గారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. వయొలిన్లు ఫలానా బృందం. హార్పు ఫలానా ఆమె. ట్రంపెట్లు ఫలానా ఆయన, ఇతరులు. ఆ 'ఇతరులు' దగ్గర తొకుజి ఒక గుటక మింగాడు. ఆమె వేలు ఇంకా కిందికి జరిగి ఆగింది. ఆమె ఏమీ చదవలేదు.

"ఊఁ, చదవండి."

"ఈల... వివరాలు తెలియవు అని ఉందండి."

గదిలో ఎవరూ టీ తాగలేదు. ఇంకొకడి పేరు లేదు, తన పేరూ లేదు. తొకుజికి తల కొట్టేసినట్టయింది. ఇలాంటి అవకాశం కోసం నలభై ఏళ్ళు కాచుకు కూర్చున్న ఉబుకాత, ఇప్పుడు నోరెత్తి ఒక్క ఎకసెక్కం ఆడలేదు. "అచ్చు వేసేవాళ్ళకి బుద్ధుండదు. సరిగ్గా కనుక్కుని వెయ్యరు," అని చేపల పళ్ళెం తొకుజి ముందుకు జరిపాడు. ఆ జాలి చూసి తొకుజికి ప్రాణం చచ్చిపోయింది. వాడు ఎప్పటిలా ఏడిపించినా ఓర్చుకునేవాడు.

"నేనొక మాట చెప్పాలి అందరికీ," అని లేవబోయాడు.

ఫుసాయె అతని కోటు పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోండి. ముందు విననివ్వండి. అందరూ వినడానికేగా వచ్చారు."

సీడీలు ఒక్కొక్కటే పెట్టారు. మొదటి పాట వచ్చేసరికి ముసలివాళ్ళంతా తలలూపారు. తుఫాను సంగీతం, చేపల సంత సంగీతం, రొకుతా పెంచుకునే సముద్రకాకి సంగీతం. ఆ ఈల వచ్చినప్పుడు గదిలో ఎవరూ తొకుజి వైపు చూడలేదు. చూడకూడదని అందరూ జాగ్రత్తపడుతున్నట్టు అతనికి తెలిసిపోయింది. అది తనదో కాదో తనకే తెలియలేదు. అంత చక్కగా ఉంది, తనదై ఉండదనిపించింది.

అయిదో సీడీలో చివరి ముక్క పేరు 'రికార్డింగు గదిలోంచి' అని ఉంది. "ఇది గోదాములో దొరికిన టేపంట. ఎప్పుడూ బయటికి రానిది," అని హనవ గారు దాన్ని పెట్టారు. కొందరు అప్పటికే చెప్పుల కోసం చూసుకుంటున్నారు.

మొదట టేపు సుయ్యిమని సన్నగా రొద చేసింది. తర్వాత ఒక మగ గొంతు, విసుగ్గా. "ఎం-ఇరవైయేడు. టేక్ ఒకటి."

నిశ్శబ్దం. ఎక్కడో కుర్చీ కిర్రుమంది.

తర్వాత ఒక కుర్ర గొంతు, స్పష్టంగా, మర్యాదగా అంది. "ఇతదాకిమాస్."

సంఘం గదిలో టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఎవరది? ఎర్ర దీపం వెలిగాక మాట్లాడిందెవరు?" అంది టేపులోని మగ గొంతు.

"క్షమించండి. నేనేనండి."

"ఈల వెయ్యమన్నానయ్యా నిన్ను, అన్నం తినమనలేదు. కట్. మళ్ళీ."

టేపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఉబుకాత మోకాళ్ళ మీద లేచి నిలబడ్డాడు. "మనోడే," అన్నాడు. "ఈలను తినేవాడు ఈ దేశంలో ఇంకొకడుంటే నా కొట్టు మూసేస్తా. మనోడే ఇది."

"ఉండండి, ఉండండి," అన్నారు హనవ గారు.

"టేక్ రెండు." నిశ్శబ్దం. "ఇతదాకి—" అని ఎవరో నోరు మూసుకున్న చప్పుడు. టేపులో వయొలిన్లవాళ్ళు, డ్రమ్ములవాళ్ళు అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. "కట్," అంది మగ గొంతు. "నీకు ఆకలేస్తుంటే చెప్పు, తెప్పిస్తాను. కట్. మళ్ళీ."

తొకుజి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా బయటికి కనబడుతున్నాయి.

"టేక్ మూడు."

ఈసారి మాట లేదు. ఊపిరి పీల్చిన చప్పుడు, ఆ వెంటనే ఈల. మొదటి స్వరం వణికింది. నలభై ఏళ్ళుగా దేశమంతా విన్న వణుకే అది. స్వరం నిలదొక్కుకుని, పైకి ఎక్కి, సముద్రం మీదికి వెళ్ళిపోయింది. తర్వాత అద్దాల గదిలో ఉన్నవాళ్ళతో ఆ విసుగు గొంతే, విసుగు లేకుండా అంది, ఆ రోజు తొకుజికి వినపడని మాట. "ఓకే. ఆ వణుకు అలాగే ఉంచండి. దీన్ని ఇంకెవరూ ముట్టుకోవద్దు."

హనవ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "ఆ వణుకు ఏడుపనుకున్నానండీ నేను. ఇన్నేళ్ళూ దాన్ని వింటూ ఏడ్చాను. నవ్వాపుకోవడమా అది?"

"చచ్చానండీ ఆ రోజు," అన్నాడు తొకుజి మొహం మీది చేతుల వెనక నుంచే. "వెనకాల డ్రమ్ములవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు నవ్వాగితే ఒట్టు."

గది గదంతా గొల్లుమంది. కింద కూరగాయల కొట్టువాడు ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు. అందరూ తొకుజి వీపు మీద చరిచేవాళ్ళే. కొండంత బరువు దిగిపోయి అతను చాప మీదే కూర్చుండిపోయాడు. తనదే. ఆ పాత వాద్యగాడు విన్నది ఏ గాలి కబురో గానీ, ఈల తనదే.

అప్పుడు ఉబుకాత అతని పక్కన చతికిలబడి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు. "అది సరే గానీ, ఒక్క టేకులో ఓకే అన్నావు?"

తొకుజి చేపల పళ్ళెం వైపు చెయ్యి చాపాడు.

"నలభై ఏళ్ళు. నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పావు, ఒక్క టేకు ఒక్క టేకు అని. మూడురా అబ్బాయ్. దేశమంతా లెక్కపెట్టుకునేలా సీడీ మీద ఉంది."

"మూడే," అని ఒప్పుకున్నాడు తొకుజి. అబద్ధం పట్టుబడినందుకు ఇంత సంతోషించిన మనిషిని సుజునారి వీధి అంతకుముందు చూడలేదు. ఒకటికి రెండుసార్లు ఒప్పుకున్నాడు. కాల్చిన చొక్కా సంగతి కూడా అప్పుడే హనవ గారికి చెప్పేశాడు. "ఆ చొక్కా ఉతక్కండి, అలాగే ఇవ్వండి. దాచుకుంటాను," అన్నారావిడ.

ఇంటికి రాగానే ఫుసాయె కోటు కూడా విప్పకుండా తండ్రి ఫొటో ఉన్న, పోయిన పెద్దలకు దండం పెట్టుకునే అర ముందు కూర్చుంది. అగరుబత్తి వెలిగించి, చిన్న గంట కొట్టి, సీడీల పెట్టెను ఫొటో ముందు పెట్టింది. చేతులు జోడించింది గానీ ఎంతకీ లేవలేదు. వెనకాల నిలబడ్డ తొకుజికి ఆమె భుజాలు కదులుతుండటం కనిపించింది.

"ఏంటి, ఏడుస్తున్నావా?"

"ఏడవక. ఆ ఆదివారం మీరు వెళ్ళాక నాన్న నన్ను పిలిచి అడిగారు. వాడు చెప్పేది నిజమేనని నీకెలా తెలుసమ్మా అని. స్టూడియోవాళ్ళ కాగితం నాకు చూపించాడు నాన్నా, నా కళ్ళతో చూశాను అని చెప్పాను."

"నేనెప్పుడు చూపించాను? అలాంటి కాగితమే లేదు."

"లేదని నాకు తెలీదా? మీరు కావాలి గనక చెప్పాను." ఆమె ముక్కు చీదుకుంది. "నిన్న మీరు ఆ మాట చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగితే ఒట్టు. మీరు మోసం చేశారేమోనని మీ బాధ. నాన్నకి అబద్ధం చెప్పింది నేను కదా. ఆ ఫొటో వైపు చూడలేక రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నా."

నిన్న రాత్రంతా ఒకే గదిలో ఒకే భయం ఇద్దరి పక్కనా పడుకుంది, ఆమెది అతనికి తెలియకుండా. తొకుజి పక్కన కూర్చుని తనూ చేతులు జోడించాడు. "మామగారూ, ఈల నాదేనండి," అన్నాడు.

"ఒక్క టేకు మాత్రం కాదు నాన్నా," అంది ఫుసాయె. "అది మాత్రం అబద్ధం. మీ అల్లుడు కోతలరాయుడు."

ఆ పూట వంటలో పెద్ద విశేషమేం లేదు. ఉబుకాత బలవంతంగా చేతిలో పెట్టి పంపిన చేపను కాల్చింది. తోఫు వేసిన సూపు, ముల్లంగి ఊరగాయ, వేడన్నం, దాని మధ్యలో ఒక ఉమెబోషి. బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. రెండు రోజుల ఆకలి ఒక్కసారిగా ఇద్దరికీ తెలిసింది.

తొకుజి చేతులు జోడించాడు. "ఇతదాకి—" అని మధ్యలో ఆగిపోయాడు.

"కట్," అంది ఫుసాయె. "మళ్ళీ."

అతను గొంతు సవరించుకుని, ఎర్రబడ్డ కళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి సగంలో నవ్వొచ్చేసింది, పళ్ళసెట్టు కదిలింది.

"కట్. మళ్ళీ."

మూడోసారి పూర్తిగా అన్నాడు. మొదట్లో కొంచెం వణికింది.

"ఓకే," అని ఫుసాయె చేపలో పెద్ద ముక్క తీసి అతని పళ్ళెంలో వేసింది.